కుట్ర థ్రిల్లర్ రేడియో నాటకం మూడో ఎపిసోడ్‌కే తికమక పెడుతుంటే ఎలా వినాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: బెంగళూరులో మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి బస్సులో వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు ఒక బ్రిటిష్ కుట్ర థ్రిల్లర్ రేడియో సీరియల్ వింటున్నారు. తొమ్మిది భాగాలు, ఒక్కోటి ముప్పావుగంట. మొదటిది అదిరిపోయింది, రెండోది బాగుంది, మూడోదానికి వచ్చేసరికి ఎవరు ఎవరో, ఎవరు ఎవరికి ఏం దాస్తున్నారో తెలియడం లేదు. విజయవాడ నుంచి వచ్చిన మీ అమ్మగారికి రేడియో నాటకాలంటే ప్రాణం, ఆవిడతో కలిసి వినే మార్గం ఉందా అని కూడా అడిగారు.

మొదట ఒక మాట. ఇది మీ ఇంగ్లీషు లోపం కాదు. నేను ఆకాశవాణి నాటక విభాగంలో చాలా ఏళ్ళు గొంతు ఇచ్చాను, సౌండ్ ఎఫెక్ట్స్ చేశాను, తర్వాత ప్రొడక్షన్ కూడా చూశాను. ఇప్పుడు బెంగళూరులోనే ఉంటూ, మల్లేశ్వరంలో కొందరు తెలుగు వాళ్ళం ఆదివారాలు కూర్చుని నాటకాలు వింటుంటాం. అక్కడికి వచ్చే పిల్లలు మనకంటే మంచి ఇంగ్లీషు మాట్లాడతారు. వాళ్ళూ మూడో ఎపిసోడ్ దగ్గరే ఆగిపోతారు. చిక్కు భాషలో లేదు, వినే పద్ధతిలో ఉంది.

మామూలు హత్య కథలో మనం వెతికేది ఒక్కటే, చంపింది ఎవరు అని. కుట్ర కథలో అది సరిపోదు. ఎవరికి ఎంత తెలుసు, ఎప్పటి నుంచి తెలుసు, తెలిసీ ఎందుకు ఊరుకున్నారు అన్నదే కథ. సినిమాలో అయితే తలుపు వెనక నిలబడి వింటున్న మనిషిని కెమెరా చూపిస్తుంది. రేడియోలో చూపించే వీలు లేదు. అందుకని రచయిత, డైరెక్టర్ కలిసి ఆ సమాచారాన్ని శబ్దంలో పెడతారు. మీరు మాటలు మాత్రమే వింటే సగం కథ జారిపోతుంది. ప్రతి సీన్ మొదలవగానే మనసులో ఒకటే ప్రశ్న వేసుకోండి: దీన్ని నేను ఎవరి చెవితో వింటున్నాను?

ఈ ప్రశ్న ఎంత పని చేస్తుందో చూడాలంటే ఈ రకం నాటకాల్లో పాతదీ గొప్పదీ ఒకటి చెబుతాను. ‘సారీ, రాంగ్ నంబర్’. లూసిల్ ఫ్లెచర్ రాశారు, అమెరికాలో సీబీఎస్ రేడియోలో ‘సస్పెన్స్’ అనే సిరీస్‌లో 1943 మే 25న మొదటిసారి వచ్చింది. ఆగ్నెస్ మూర్‌హెడ్ నటించారు. మంచం మీద నుంచి లేవలేని ఒకావిడ భర్తకు ఫోన్ చేస్తుంది, లైన్లు కలిసిపోయి ఇద్దరు మగవాళ్ళు ఒక హత్యకు ప్లాన్ వేసుకోవడం వినబడుతుంది. ఇక నాటకమంతా ఆవిడ, ఆ ఫోను, ఆపరేటర్లు, పోలీసు. అరగంట. ఆవిడ చెవిన పడనిది మనకూ వినపడదు. ఆ గదిలోంచి మనం ఒక్క అడుగు బయటికి వెళ్ళలేం. భయమంతా అందులోంచే పుడుతుంది. ఇంతకుమించి కథ చెప్పను, వినండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ‘సస్పెన్స్’ సిరీస్ ఎపిసోడ్లు ఉచితంగా దొరుకుతాయి.

అంతకు ముందే 1938 అక్టోబర్ 30న ఆర్సన్ వెల్స్ బృందం, అంగారకుడి నుంచి వచ్చినవాళ్ళు భూమి మీద దాడి చేసే ‘వార్ ఆఫ్ ద వరల్డ్స్’ నాటకాన్ని అమెరికా రేడియోలో ప్రసారం చేసింది. అది నిజం వార్తే అనుకుని అమెరికా అంతా భయంతో రోడ్ల మీదికి పరుగెత్తిందని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ కలకలాన్ని అప్పటి పత్రికలు చాలా పెంచి రాశాయని తర్వాత పరిశోధించినవాళ్ళు తేల్చారు. నాకు ఆ గొడవ కంటే నాటకం కట్టిన తీరు ముఖ్యం. మొదటి భాగంలో డాన్సు సంగీతం వస్తుంటుంది, మధ్యలో ఆపి వార్తలు చదువుతారు, మళ్ళీ సంగీతం, మళ్ళీ వార్త. అంటే అక్కడ మన చెవి ఇంట్లో రేడియో ముందు కూర్చున్న మామూలు శ్రోత చెవి. రెండో భాగంలో ఆ పద్ధతి పూర్తిగా వదిలేసి, బతికి బయటపడిన ఒక ప్రొఫెసర్ తన గొంతుతో కథ చెప్పుకుంటూ పోతాడు. చెవి మారింది. ఆ మార్పును పట్టుకున్నవాళ్ళకు కథలో ఎంత కాలం గడిచిందో, ఎంతమంది పోయారో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇప్పటి సీరియల్స్ చేసేదీ ఇదే, కాకపోతే చెవులు ఎక్కువ. 2015లో వచ్చిన ‘లైమ్‌టౌన్’ అంతా ఒక రేడియో రిపోర్టర్ పరిశోధనగా నడుస్తుంది. ఒక పరిశోధనా కేంద్రం ఉన్న ఊళ్ళోంచి మూడు వందల మందికి పైగా మాయమైపోతారు. 2016లో వచ్చిన ‘హోమ్‌కమింగ్’లో కథ చెప్పేవాళ్ళే లేరు. సైనికుడితో కౌన్సెలర్ మాట్లాడిన సెషన్ల రికార్డింగులు, ఫోన్ కాల్స్, అక్కడక్కడా జరిగే సంభాషణలు, అంతే. అందులో టేపు మీద విన్నది ఒక కాలానిది, నేరుగా విన్నది ఇంకో కాలానిది. ఆ తేడా పట్టుకోకపోతే రెండో ఎపిసోడ్‌లోనే తల తిరుగుతుంది. పట్టుకున్నారా, ఇక ఆపలేరు.

మరి ఆ తేడా చెవికి ఎలా తెలుస్తుంది? స్టూడియోలో మేం చేసే పనులు కొన్ని చెబుతాను, అవి తెలిస్తే మీకు సులువు.

మొదటిది దూరం. నటుడు మైక్‌కు బాగా దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడితే అది మనసులోని మాట, లేదా చెవిలో చెప్పే రహస్యం. ఊపిరి కూడా వినబడుతుంది. మామూలు దూరంలో ఉంటే సంభాషణ. మైక్‌కు పక్కగా, వెనక్కి జరిగి మాట్లాడితే ఆ మనిషి గదిలో అవతలి మూల ఉన్నాడని. ఒక సీన్‌లో ముగ్గురు మాట్లాడుతూ ఒకరి గొంతు మాత్రం ఎప్పుడూ దగ్గరగా ఉంటే, ఆ సీన్ ఆ ఒకరిదే. మిగతా ఇద్దరి మనసులో ఏముందో మనకు తెలియకూడదని డైరెక్టర్ అనుకున్నాడన్నమాట. వాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచండి.

రెండోది గది. గట్టి గోడల గదిలో మాట కొద్దిగా మోగుతుంది, పరదాలు, పరుపులు ఉన్న గదిలో మోగదు. ఆరుబయట అసలు ప్రతిధ్వని ఉండదు కాబట్టి, బయట జరిగే సీన్లను మేం బాగా పరదాలు కట్టిన, శబ్దాన్ని పీల్చేసే మూలలో రికార్డ్ చేసేవాళ్ళం. మంచి సీరియల్‌లో ప్రతి ముఖ్యమైన చోటికీ ఒక శబ్ద ముద్ర ఉంటుంది. ఆస్పత్రి వరండా, కారు లోపల, హీరోయిన్ ఇంటి వంటగది, ఇలా. మూడో ఎపిసోడ్‌లో ఎవరో కొత్త మనిషి ఫోన్ చేస్తే, అతని వెనక మొదటి ఎపిసోడ్‌లో విన్న ఆ వరండా మోత వినబడిందా? అతను ఎక్కడి నుంచి మాట్లాడుతున్నాడో రచయిత ఒక్క మాట రాయకుండా చెప్పేశాడు. ఇలాంటివి పట్టుకున్నప్పుడు కలిగే ఆనందం కోసమే నేను ఈ వయసులో కూడా ఈ సీరియల్స్ వెంటపడుతున్నాను.

మూడోది ఫోను. పాత టెలిఫోన్ లైన్ మనిషి గొంతులో దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసుకుపోతుంది. కింద ఉండే బరువు, పైన ఉండే మెరుపు రెండూ పోతాయి. ఆ సన్నటి గొంతు వినగానే ఇది ఫోను అని తెలుస్తుంది. అయితే అసలు చూడాల్సింది రెండు గొంతుల్లో ఏది నిండుగా ఉంది, ఏది సన్నగా ఉంది అన్నది. నిండుగా ఉన్నవాళ్ళ పక్కన మనం కూర్చున్నాం. రెండూ సన్నగా ఉన్నాయంటే ఆ ఇద్దరిలో ఎవరి పక్కనా లేం. మూడో మనిషి ఎవరో లైన్ మీద ఉన్నారు, మనం వాళ్ళ చెవితో వింటున్నాం. గోడలకు చెవులుంటాయని మన పెద్దలు ఊరికే అనలేదు. కుట్ర నాటకంలో ఆ చెవే మీకు దొరికిన చెవి.

ఇక నిశ్శబ్దం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ సమస్యలో పెద్ద భాగం ఇక్కడే ఉందని నా అనుమానం. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవి పోగొట్టిన వాటర్‌గేట్ కుంభకోణంలో, ఆయన ఆఫీసు టేపుల్లో 1972 జూన్ 20 నాటి దాంట్లో పద్దెనిమిదిన్నర నిమిషాల పాటు మాటలు లేవు, ఉత్త గుయ్యిమనే శబ్దం ఉంది. కోర్టు కోసం ఆ టేపును పరీక్షించిన నిపుణుల బృందం, అది ఒక్కసారి పొరపాటున చెరిగింది కాదు, కనీసం ఐదు సార్లు విడివిడిగా చెరిపారని 1974లో చెప్పింది. ఆ టేపులో ఏం మాట్లాడారో ఈనాటికీ తెలియదు. కానీ మాట లేకపోవడమే సాక్ష్యమైంది. కుట్ర నాటకాలు రాసేవాళ్ళు ఈ విషయాన్ని బాగా ఒంటబట్టించుకున్నారు. ప్రశ్న అడిగాక జవాబు రావడానికి పట్టిన రెండు సెకన్లు, మాట మధ్యలో ఆగిన ఊపిరి, టేపు ఠక్కున తెగిపోవడం, ఇవన్నీ కావాలని పెట్టినవి.

ఇప్పుడు మీ ఫోన్ తీసి పాడ్‌కాస్ట్ యాప్ సెట్టింగ్స్ చూడండి. పాకెట్ కాస్ట్స్‌లో ‘ట్రిమ్ సైలెన్స్’ అని, ఓవర్‌కాస్ట్‌లో ‘స్మార్ట్ స్పీడ్’ అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే యాప్ నిశ్శబ్దాలను కత్తిరించేస్తుంది. వార్తలకూ ఇంటర్వ్యూలకూ అది మంచిదే. నాటకానికి మాత్రం ప్రాణం తీసినట్టే. ఆఫ్ చేయండి. వేగం కూడా ఒకటి మీదే ఉంచండి. ఒకటిన్నర వేగంలో పెడితే తడబడినవాడూ ధైర్యంగా చెప్పినవాడూ ఒకేలా వినబడతారు. ఇంకో చిన్న విషయం, చాలా యాప్‌లు కొత్త ఎపిసోడ్‌ను పైన చూపిస్తాయి. పాత వాటి నుంచి కొత్త వాటికి వచ్చేలా క్రమం మార్చుకోండి.

బస్సు సంగతి. సిల్క్ బోర్డ్ దగ్గర ఆగి కదిలే వోల్వో బస్సులో ఇంజన్, ఏసీ కలిసి ఆగకుండా బరువైన మోత పెడుతుంటాయి. ఆ మోత గుసగుసలను ముందు మింగేస్తుంది, మాటలను విడదీసి చెప్పే స, త, ఫ లాంటి హల్లులను కూడా. అచ్చులు వినబడతాయి, అందుకే విన్నట్టే ఉంటుంది కానీ పేర్లు పట్టుబడవు. నాయిస్ క్యాన్సలింగ్ ఉన్న హెడ్‌ఫోన్లు ఇలాంటి ఒకే తీరు మోతను బాగా తగ్గిస్తాయి, హారన్లను అంతగా ఆపలేవు. అవి ఉంటే వాడండి. లేకపోతే వాల్యూమ్ మాత్రం పెంచకండి. రేడియో నాటకంలో గుసగుసకూ తుపాకీ మోతకూ మధ్య తేడా కావాలనే పెద్దగా ఉంచుతారు. గుసగుస కోసం పెంచారంటే తర్వాతి శబ్దం మీ చెవిని దెబ్బతీస్తుంది. బండి నడిపేటప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినడం మాత్రం వద్దే వద్దు.

నా సలహా అడిగితే, మొదటి రెండు ఎపిసోడ్లు బస్సులో వినకండి. రాత్రి భోజనాలయ్యాక, చేతిలో ఏ పనీ లేకుండా, దీపం తగ్గించుకుని వినండి. మనుషులు, చోట్లు, శబ్ద ముద్రలు అన్నీ ఆ రెండింటిలోనే పరిచయం చేస్తారు. అవి చెవిలో నాటుకున్నాక మూడు నుంచి ఏడు దాకా బస్సులో విన్నా పర్వాలేదు. చివరి రెండు మళ్ళీ ఇంట్లోనే. రోజుకు ఒకటి కంటే ఎక్కువ వద్దు. ఈ నాటకాలను వారానికొకటి ప్రసారం చేయడానికే రాస్తారు. ఆ విరామంలో మీ బుర్ర చేసే పని కూడా నాటకంలో భాగమే.

గొంతుల గందరగోళానికి వేరే కారణం ఉంది. మనకు రెండు ముక్కలు వింటే చాలు, ఈయన శ్రీకాకుళం, ఈవిడ గోదావరి, ఆయన చిత్తూరు, ఈ అబ్బాయి వరంగల్ అని తెలిసిపోతుంది. మా నాటకాల్లో పాత్రలకు గొంతులు ఎంచేటప్పుడు ఈ యాసలనే గుర్తుగా వాడేవాళ్ళం. బ్రిటిష్ డైరెక్టర్ కూడా అంతే. ఒకరికి వేల్స్ యాస, ఒకరికి స్కాట్లండ్, ఒకరికి లండన్ పైతరగతి ఇంగ్లీషు ఇస్తాడు. అక్కడి శ్రోతకు అదే పేరు పలక. మన చెవికి అవన్నీ ఒకేలా ‘బ్రిటిష్’గా వినబడతాయి. కాబట్టి పేర్లు గుర్తుపెట్టుకునే ప్రయత్నం మానేయండి. ఒక కాగితం మీద ప్రతి మనిషికీ గొంతు గుర్తు రాసుకోండి: తొందరగా మాట్లాడేవాడు, మాట చివర సాగదీసేవాడు, ప్రతిసారీ గొంతు సవరించుకునే ఆవిడ. దాని పక్కన ‘ఇతనికి ఏం తెలుసు’ అని ఇంకో గడి. మూడో గడి అక్కర్లేదు. అప్పటికీ ఒక సీన్ అర్థం కాకపోతే, ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌లో 2024 నుంచి ఇంగ్లీషు ఎపిసోడ్లకు మాటలు అక్షరాల్లో కనబడుతున్నాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే పని చేసే లైవ్ కాప్షన్ ఉంటుంది. అయితే వీటిని రెండోసారి వినేటప్పుడే వాడండి. మొదటిసారే చదువుతూ కూర్చుంటే చెవి పని మానేస్తుంది.

ఇలాంటి బ్రిటిష్ సీరియల్స్ ఎక్కడ దొరుకుతాయంటారా, బీబీసీ రేడియో వినిపించే బీబీసీ సౌండ్స్ యాప్‌ను బ్రిటన్ బయటి శ్రోతలకు 2025 జూలైలో ఆపేశారు. పాడ్‌కాస్ట్‌గా విడుదల చేసిన సీరియల్స్ మాత్రం మామూలు పాడ్‌కాస్ట్ యాప్‌లలో వెతకొచ్చు.

కథ వెనక ఉన్న చరిత్ర కొంచెం తెలిస్తే ఇలాంటి సీరియల్స్‌లో తరచూ వచ్చే ‘రహస్య ప్రయోగశాల’ మలుపు అంత అయోమయంగా ఉండదు. ఈ రకం కథలు చాలావరకు గాలిలోంచి పుట్టినవి కావు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ 1953లో ఎంకేఅల్ట్రా పేరుతో మనుషుల మనసును లొంగదీసుకునే ప్రయోగాలు మొదలుపెట్టింది. కొందరి మీద వాళ్ళకు తెలియకుండానే మందులు ప్రయోగించారు. 1973లో అప్పటి డైరెక్టర్ రిచర్డ్ హెల్మ్స్ ఆ ఫైళ్ళను నాశనం చేయమన్నాడు. కానీ డబ్బు లెక్కల కాగితాలు వేరేచోట ఉండిపోవడంతో, 1977లో దాదాపు 20,000 పత్రాలు బయటపడ్డాయి. అందుకే ఇలాంటి సీరియల్స్‌లో రహస్యం ఎప్పుడూ జమాఖర్చుల గుమస్తా దగ్గరో, పాత బిల్లులోనో దొరుకుతుంది. మీ సీరియల్‌లో ఎవరైనా డబ్బు లెక్కల గురించి విసుగ్గా మాట్లాడుతుంటే చెవులు రిక్కించండి.

అంకెలు చదివే గొంతు వినబడినా అంతే. షార్ట్‌వేవ్ రేడియోలో నంబర్ స్టేషన్లు అని నిజంగానే ఉండేవి. ముందు ఒక చిన్న ట్యూన్, తర్వాత ఒక గొంతు ఐదేసి అంకెల గుంపులు చదువుతూ పోయేది. గూఢచారులకు సంకేతాలన్నమాట. ‘లింకన్‌షైర్ పోచర్’ అని పిలిచే స్టేషన్ 2008 దాకా వినబడింది. నాటకంలో అలాంటిది వస్తే ఆ అంకెలు రాసిపెట్టుకోండి.

అమ్మగారి విషయానికి వస్తే, తప్పకుండా కలిసి వినండి. విజయవాడ కేంద్రం నుంచి గణపతి, కన్యాశుల్కం విన్న తరం చెవులు మనకంటే చాలా పదునైనవి. మా ఆదివారం గుంపులో ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చే ఒక పెద్దావిడ ఉన్నారు. ఒక నాటకంలో భర్త పాత్ర అబద్ధమాడుతున్నాడని అందరికంటే ముందు ఆవిడే చెప్పారు. ఎలా తెలిసిందమ్మా అంటే, ‘భార్య పేరు పిలిచే ముందు ప్రతిసారీ ఊపిరి పీలుస్తున్నాడు, ముందు ఎపిసోడ్‌లో అలా పిలవలేదు’ అన్నారు. మాటలు అర్థమైన మేమంతా మాటల వెంట పడ్డాం.

అమ్మగారికి ఎపిసోడ్ ముందు కథంతా తెలుగులో చెప్పేయకండి. పాత్రల పేర్లు, వరసలు, జరిగే చోటు మాత్రం చెప్పండి. ఒక్కో సీన్ అయ్యాక ఆపి, ఏం జరిగిందనుకుంటున్నావమ్మా అని ఆవిడనే అడగండి. ఆ తర్వాత మీరు విన్నది చెప్పండి. ఆవిడ విన్నదీ మీరు విన్నదీ పక్కపక్కన పెడితే మీకు అర్థం కానివి చాలా తేలిపోతాయి. ఇద్దరూ ఒకే ఇయర్‌ఫోన్ జత పంచుకోకండి, ఎడమ కుడి విడిపోయి చోటు తెలియకుండా పోతుంది. మంచి స్పీకర్ ఒకటి గదిలో పెట్టండి. ‘బైనారల్’ అని రాసి ఉన్న నాటకానికి మాత్రం చెరో హెడ్‌ఫోన్ కావాలి. బొమ్మ తలకు రెండు చెవుల్లో మైకులు పెట్టి రికార్డ్ చేసిన శబ్దం స్పీకర్‌లో తేలిపోతుంది.

ఆవిడకు తెలుగు నాటకాలు కావాలంటే న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి హైదరాబాద్, విజయవాడ, విశాఖ కేంద్రాలు బెంగళూరులోనూ వస్తాయి. రహస్య రేడియో అంటే ఆవిడకు ఆసక్తి ఉంటే ఉషా మెహతా గారి గురించి చెప్పండి. 1942లో క్విట్ ఇండియా రోజుల్లో బొంబాయిలో చోటు మార్చుకుంటూ, ‘42.34 మీటర్ల మీద, భారతదేశంలో ఎక్కడి నుంచో’ అంటూ కాంగ్రెస్ రేడియో నడిపారు. ఆగస్టులో మొదలై నవంబరులో పోలీసులు పట్టుకునే దాకా సాగింది. మన దేశంలో జరిగిన ఈ కథ మీద తెలుగులో ఒక మంచి ధారావాహిక రావాలని నాకు చాలా కోరిక. బెంగళూరులో ఇంతమంది తెలుగు సౌండ్ ఇంజనీర్లు, రాసే పిల్లలు ఉన్నారు, ఎవరైనా పూనుకుంటే నా గొంతు, నాకు తెలిసిన పని రెండూ ఇస్తాను.

ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను. వాట్సాప్‌లో ‘లీకైన ఆడియో’ అని వచ్చేవి సరిగ్గా ఈ నాటకాల పద్ధతులే వాడతాయి: ఫోన్ గొంతు, తెగిపోయిన మాట, వెనక ఏదో హడావిడి. ఇప్పుడు కంప్యూటర్‌తో ఎవరి గొంతైనా తయారు చేయొచ్చు. అమ్మగారి ఫోన్‌కు అలాంటిది వస్తే అక్కడ కూడా అదే ప్రశ్న అడగమనండి, దీన్ని ఎవరు రికార్డ్ చేశారు, వాళ్ళు ఎక్కడ నిలబడి ఉన్నారు అని.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఈ శనివారం అమ్మగారితో ‘సారీ, రాంగ్ నంబర్’ వినండి. ఆదివారం రాత్రి మీ సీరియల్ మొదటి ఎపిసోడ్ మళ్ళీ మొదటి నుంచి, కాగితం పక్కన పెట్టుకుని. మూడోది దాటాక కూడా ఏదైనా సీన్ ముడి పడితే, ఏ నిమిషం దగ్గరో, వెనక ఏం శబ్దాలు వినబడుతున్నాయో రాసి ఇక్కడే అడగండి. ఆ సీన్ విని జవాబు రాస్తాను, ముగింపు మాత్రం చెప్పను.